రోజుకో రూపాయి సైకిల్ కిరాయి

చాంద్రాయణగుట్ట: శ్రీశైలం రోడ్డున పట్నం పోయే మన పల్లెల వారికి చాంద్రాయణగుట్ట చౌరస్తా కొత్త కాదు. దానిని ఆనుకునే బార్కస్ ఉన్నది. నిజాం కొలువులోని అరబ్బు సిపాయిల బ్యారక్సులే జనం నోట బార్కస్ అయినాయి. అక్కడి జామపండ్లకు ఎంత పేరున్నదో ఫుట్‌బాల్‌కూ అంత పేరున్నది. ఆ మాటకొస్తే ఒకప్పుడు హైదరాబాద్ నగరమంతటికీ ఈ ఆట పిచ్చి ఉండేది.

దానికి మూలపురుషుడు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టిన ఆయన వృత్తిరీత్యా బడిపంతులు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. సిటీ కాలేజీ పాత, కొత్త విద్యార్థుల జట్టు 'ఎలెవెన్ హంటర్స్'లో ఆడారు. తరువాత హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడైనారు. 1950 ఆ జట్టుకు బంగారు సంవత్సరం. బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. ఢిల్లీలో మోహన్ బగాన్ అంతటి జట్టును ఓడించి డ్యూరాండ్ కప్పు తెచ్చింది. రోవర్స్ కప్పును ఆపై 1954 దాకా, అంటే వరుసగా అయిదేళ్ళు, మరొకరికి వదలలేదు.

రహీం పద్ధతి వేరు. బంతిని గాలిలోకి లేపి దాని వెంట పరుగెత్తడం ఆయనకు నచ్చదు. నేల మీదనే, ఒకటి రెండు తాకిళ్ళలో తోటివాడికి అందించాలి. బలహీనమైన కాలితోనే ఆడాలని షరతు పెట్టి పోటీలు కూడా జరిపించేవారు. ఎడ్లను జోడు కట్టే మన రైతుకు ఇందులోని కిటుకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక బలరాం సంగతి. తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడకు చెందిన పేదింటి పిల్లవాడు. బూట్లు కొనే స్థోమత లేక, పోలీసులు పారేసిన పాత బూట్ల తోలుతో చెప్పులు కుట్టేవాని చేత రెండు రూపాయలకు ఒక జత చేయించుకున్నాడట. అతని ఆట రహీం కంట పడింది. శిక్షణకు రమ్మంటే, అంత దూరం రోజూ రావడానికి డబ్బు లేదన్నాడు. సైకిల్ కిరాయికి రహీం రోజుకో రూపాయి ఇచ్చారు. ఈ ముచ్చట బలరాం పెద్దయ్యాక కూడా చెప్పుకునేవారు.

ఆ రూపాయి వృథా పోలేదు. 1956, 1957లలో హైదరాబాద్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. రెండుసార్లూ బొంబాయి ఓడింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో రహీం శిక్షణలోని భారత జట్టు నాలుగో స్థానం పొందింది. బలరాం ఆ జట్టులో ఉన్నారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద ఒక్కో గోల్ కొట్టారు. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి భారత్ స్వర్ణం గెలిచినప్పుడూ రహీం, బలరాం ఇద్దరూ ఉన్నారు.

అప్పటికే రహీంను క్యాన్సర్ పట్టింది. 1963 జూన్ 11న కన్నుమూశారు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ ఒకసారి సంతోష్ ట్రోఫీ తెచ్చింది. ఆ తరువాత అది ఇటువైపు రాలేదు. 2024లో హిందీలో రహీం మీద 'మైదాన్' సినిమా వచ్చింది. అది చూడటానికి బలరాం లేరు. కలకత్తాలో స్థిరపడిన ఆయన 2023 ఫిబ్రవరిలో అక్కడే చనిపోయారు.