మణుగు బరువు, రెండు చక్రాలు

మహాశివరాత్రినాడు కోటప్పకొండ తిరునాళ్ళకు తరలివచ్చే ప్రభలను చూచినవారు, పల్నాటి జనులకు చక్రం సంగతి క్రొత్తగా చెప్పవలసిన పని లేదని ఒప్పుకుంటారు. ఎనభై, తొంభై అడుగుల ఎత్తున కొయ్యతో, వెదుళ్ళతో, రంగు గుడ్డలతో, విద్యుద్దీపాలతో నిలబెట్టిన ప్రభ తన ఊరి పొలిమేర దాటి, చక్రాల మీద కొండదాక వస్తుంది. ఒకనాడు దానిని ఎడ్లు లాగేవి. నేడు ట్రాక్టర్లు లాగుతున్నవి. ప్రభ ఒరగకుండ చుట్టూ మోకులు పట్టుకొని యువకులు నడుస్తారు. గతుకులు వచ్చినచోట చక్రం క్రుంగకుండ జాగ్రత్త పడతారు. ఒక్క చక్రం గోతిలో దిగబడితే ఊరి పరువు దిగబడినట్లే భావిస్తారు.

తిరునాళ్ళు ముగుస్తవి. మరునాటి ఉదయం నరసరావుపేట బజారునుండి ఇంటికి మరలివచ్చే ఒక ఇల్లాలిని చూచినట్లయితే ఈ శ్రద్ధ అంతా ఎక్కడికి పోయినదో అర్థం కాదు. కుడిచేతిలో కూరగాయల సంచి. ఎడమచేతిలో పచారీ సామాను. వీధి మలుపు తిరిగేసరికి రెండుమార్లు చేతులు మార్చుకుంటుంది. అరుగు కనిపించినచోట సంచులు దింపి, వ్రేళ్ళమీద పడిన ఎర్రని గీతలను చీరచెంగుతో రాచుకొని, మళ్ళీ ఎత్తుకుంటుంది. ఈమె దారిని చదును చేసినవారు లేరు. ఈమె సంచికి చక్రం కట్టాలని తోచినవారూ లేరు.

ఆ సంచుల బరువెంత? నాలుగు కిలోల కూరగాయలు, రెండు కిలోల ఉల్లిపాయలు, రెండు కిలోల కందిపప్పు, కిలో పంచదార, కిలో ఉప్పు, లీటరు నూనె, ఒక కొబ్బరికాయ: ఇది చిన్న సంసారానికి వారం రోజుల సామాను. లెక్క కడితే 11 కిలోలకు పైమాటే. 1958 అక్టోబరులో మెట్రిక్ తూనికలు దేశంలో ప్రవేశించక పూర్వం మన పెద్దలు దీనినే మణుగు అనేవారు. ఎనిమిది వీశెలు ఒక మణుగు. పురుషుడు మణుగు బరువును భుజాన వేసుకొని వస్తే చూచినవారు కష్టమని గుర్తిస్తారు. అదే బరువు రెండు సంచులుగా విడిపోయి స్త్రీ చేతులకు వ్రేలాడితే దానికి “బజారుకు వెళ్ళిరావడం” అని పేరు.

పూర్వకాలంలో బరువు మోయడానికి ఒక పద్ధతి ఉండేది. కావడిలో రెండువైపుల బరువు సమంగా ఉండి భుజం నిలకడగా ఉండేది. సంతకు వెళ్ళే స్త్రీ నెత్తిమీద చుట్టకుదురు పెట్టుకొని దానిపై గంప ఎత్తుకునేది. బరువు వెన్నెముక గుండా నిట్టనిలువుగా పాదాలకు దిగేది. తూర్పు ఆఫ్రికా స్త్రీలు తమ శరీర బరువులో ఐదవ వంతు వరకు తలపై పెట్టుకొని నడిచినప్పుడు, వట్టి చేతులతో నడిచినప్పటికంటె వారికి అధికంగా శక్తి వ్యయం కాలేదని 1986లో కొందరు పరిశోధకులు ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. అయితే ఆ స్త్రీలు చిన్ననాటినుండి అలా మోయడం అలవడినవారు. నేడు మన పట్టణాలలో అరువది ఏండ్లు దాటిన గృహిణికి ఆ అలవాటు తప్పిపోయినది. గంప పోయి చేతిసంచి వచ్చినది. బరువు మాత్రం తగ్గలేదు. నెత్తినుండి వ్రేళ్ళకు దిగినది, అంతే. తలమీది గంప నడుమును నిటారుగా నిలిపితే, ఒక చేతి సంచి దానిని ఒక ప్రక్కకు వంచుతుంది.

చక్రం ఎరుగని సీమ అయితే దీనిని సరిపెట్టుకోవచ్చు. పల్నాటి చరిత్రలో చక్రం చాల ప్రాచీనం. నాగార్జునకొండ లోయలో క్రీస్తు శకం మూడవ శతాబ్దిలో ఇక్ష్వాకు రాజుల విజయపురి ఉండేది. అక్కడి మహాచైత్యం పునాదిని శాస్త్రజ్ఞులు త్రవ్వి చూడగా అది బండిచక్రం వలె కనిపించినది. నడుమ కుంభం, దానినుండి ఆకులు, చుట్టూ కమ్మి, అన్నీ ఇటుకలతో కట్టి, మధ్య ఖాళీలను మట్టితో నింపారు. దాని అడ్డుకొలత సుమారు 106 అడుగులు. ఆ కట్టడానికి దాత ఒక స్త్రీ; వాసిష్ఠీపుత్ర చాంతమూలుని సోదరి చాంతిసిరి. 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరం ఆ లోయను ముంచివేసినది గాని, ఆ లోపలనే త్రవ్వకాలు జరిపి ముఖ్యమైన కట్టడాలను తరలించి కొండపై తిరిగి నిలబెట్టారు. పదిహేడు వందల ఏండ్ల క్రిందట ఈ నేలమీద ఒక స్త్రీ చక్రాకారపు చైత్యాన్ని కట్టించినది. నేడు ఆమె వారసురాండ్ర చేతిసంచికి రెండు చిన్న చక్రాలు కరవైనవి.

రైతు మాత్రం చక్రాన్ని వదలలేదు. గురజాల, మాచర్ల ప్రాంతాలలో జొన్నలు, ప్రత్తి, మిరప, నాపరాయి అన్నీ బండి ఎక్కే ఊరు దాటినవి. ఇరుసుకు కందెన పూయకుండ బండి కట్టిన రైతును ఇరుగుపొరుగువారు నవ్వేవారు. ఇనుపపట్టా చక్రం పోయి రబ్బరు టైరు వచ్చినది. ఎడ్లు పోయి ట్రాక్టరు వచ్చినది. బజారులో అమ్మేవానికి కూడ చక్రం ఉన్నది. నాలుగు సైకిలు చక్రాల తోపుడు బండిమీద అరటిపండ్లు, టమాటాలు వీధి వీధికి వస్తున్నవి. పండించేవానికి చక్రం, అమ్మేవానికి చక్రం. కొన్నవారి చేతికి వచ్చేసరికి చక్రం ఆగిపోతుంది. 1999 జనవరి 26న రాష్ట్రంలో రైతుబజార్లు ప్రారంభమైన తరువాత రైతుకు, కొనుగోలుదారుకు మధ్య దళారి తొలగినాడు గాని, బజారుకు, ఇంటికి మధ్య ఉన్న ఆ అరమైలు నడక మునుపటివలెనే మిగిలి ఉన్నది.

చక్రాల సంచి అంటే విడ్డూరమైన యంత్రం కాదు. నిలువుగా ఒక చట్రం, దానికి తగిలించిన గట్టి గుడ్డసంచి, క్రింద ఒక ఇరుసు, రెండు చక్రాలు, పైన ఒక పిడి. లండన్‌లోను, పారిస్‌లోను వృద్ధులు దీనిని వెంట లాగుకుంటూ బజారునుండి ఇండ్లకు పోతూ ఉంటారు. బిడ్డలను చూచిరావడానికి విదేశాలకు వెళ్ళిన మన తల్లిదండ్రులలో చాలమందికి ఇది తెలిసిన వస్తువే. తెలిసినదంతా వాడుకలోకి రాదు. దానికి అడ్డు ధర కాదు, సిగ్గు.

ఈ సిగ్గు మనకే ప్రత్యేకం కాదు. అమెరికాలోని ఓక్లహోమా నగరంలో సిల్వన్ గోల్డ్‌మన్ అనే వర్తకుడు 1937లో తన దుకాణాలలో చక్రాల బుట్టలను ప్రవేశపెట్టినాడు. మడతకుర్చీని చూచినప్పుడు అతనికి ఆ ఆలోచన తోచినది. తీరా చూస్తే ఒక్కరూ వాటిని ముట్టుకోలేదు. ఒక బుట్టను మోయలేని బలహీనులమా అని యువకులు అనుకున్నారు. పసిపిల్లల బండిని తోసినట్లు ఉంటుందని యువతులు అనుకున్నారు. ఒకరి సాయం కావలసిన అసహాయులుగా కనిపిస్తామేమో అని వృద్ధులు వెనుదీసినారు. చివరకు గోల్డ్‌మన్ రకరకాల వయసువారిని కూలికి పిలిచి, ఆ బండ్లను తోసుకుంటూ దుకాణంలో తిరగమన్నాడు. వారిని చూచి మిగిలినవారు అలవాటు పడ్డారు.

ప్రయాణపు పెట్టెల కథ కూడ ఇట్టిదే. మానవుడు చంద్రునిపై అడుగు పెట్టినది 1969లో. పెట్టెకు చక్రాలు అమర్చి లాగే విధానానికి బెర్నార్డ్ సాడో అనే అమెరికనుకు పేటెంటు లభించినది 1972లో. ఆ పెట్టెను అమ్మిపెట్టడానికి దుకాణదారులు మొదట ఒప్పుకోలేదు. మగవాడు తన పెట్టెను మోయక లాగుకుంటూ పోవడమేమిటని వారి సందేహం. నేడు మాచర్ల బస్సుస్టాండులోనైనా చక్రాలు లేని పెద్ద పెట్టె కనబడడం అరుదు. పెట్టెకు పోయిన సిగ్గు సంచికి ఇంకా పోలేదు.

నరసరావుపేట వీధిలో ఒక పెద్దామె చక్రాల సంచిని లాగుకుంటూ బయలుదేరినదనుకుందాం. నాలుగు ఇండ్లు దాటకముందే అరుగుమీది కుర్రవాడు పలకరిస్తాడు:

“ఏం పిన్నిగారూ, ఊరికి ప్రయాణమా?”

“ఊరికి కాదు నాయనా, వంకాయలకు” అని నవ్వి సాగిపోగలిగినామె గెలిచినట్లే. ఆ ఒక్క మాటకు వెరచి చాలమంది వెనుకకు తగ్గుతారు. కూతురో కోడలో తెచ్చి ఇచ్చిన చక్రాల సంచి అటకమీద దుమ్ము పట్టి ఉంటుంది. భుజం నొప్పికి మాత్రం రాత్రిపూట కాపడం తప్పదు.

ఇందులో మరొక చిక్కు ఉన్నది. ఇక బరువు మోయలేనని తెలిసిననాడు ఆ పెద్దామె ఏమి చేస్తుంది? పొరుగింటి పిల్లవానిని పంపమని అడుగుతుంది. నెలసరి సామానును దుకాణపువాడే ఇంటికి చేర్చిపోతాడు. ఫోనుమీద చెబితే కూరలు కూడ గుమ్మంలోకి వస్తవి. ఈ సదుపాయం మంచిదే, జబ్బుపడినవారికి వరం. కాని బెండకాయ కొన విరిచి లేతదో ముదురుదో తేల్చుకునే పని మరొకరు ఆమె తరపున చేయలేరు. బజారుదారిలో ఎదురయ్యే పలకరింపు గుమ్మంలోకి రాదు. బిడ్డలు హైదరాబాదులోనో, విదేశాలలోనో ఉండి, ఒంటరిగా ఇల్లు దిద్దుకుంటున్న తల్లికి వారంలో రెండుమార్లు బజారుకు పోవడమే నడక, మాట, లోకం. బరువు మోయలేక బజారు మానుకున్ననాడు ఇవన్నీ ఒక్కమారే మూతపడతవి. నేడు సంచిని మరొకరికి అప్పగించినామె రేపు ఏమి కొనవలెనో నిర్ణయించే హక్కును కూడ మెల్లగా అప్పగిస్తుంది. గోల్డ్‌మన్ దుకాణంలోని వృద్ధులు చక్రం పట్టుకుంటే అసహాయులమనిపిస్తామని భయపడ్డారు. నిజానికి చక్రం లేకపోవడంవల్లనే మనిషి త్వరగా అసహాయుడవుతాడు.

చక్రాల సంచి పనితీరు సులువైనది. సంచిని వెనుకకు వాల్చి లాగినప్పుడు ఇరుసు ఆధారమవుతుంది; బరువు ఇరుసుకు, చేతికి మధ్య పంచుకోబడుతుంది. పిడి ఇరుసునుండి 4 జానల దూరంలో ఉండి, సామాను బరువు 1 జాన దూరంలో కేంద్రీకరించి ఉంటే చేతికి వచ్చేది నాలుగవ వంతు మాత్రమే. అంటే 11 కిలోల మణుగులో 3 కిలోలకు లోపు. అందువల్ల ఉప్పు, పప్పు, నూనె అడుగున ఉండవలెను. ఆకుకూరలు, టమాటాలు పైన ఉండవలెను. బరువైన వస్తువులు పైన పెట్టి లాగినవారికి సుఖం దక్కక, తప్పు చక్రంమీద వేస్తారు.

చక్రం పెద్దదైనకొద్ది మేలు. నేలమీద సమంగా లాగినప్పుడు, తన అడ్డుకొలతలో సగం ఎత్తున్న మెట్టును ఏ చక్రమూ ఎక్కలేదు. దానిని ఎత్తి దాటించవలసినదే. ఆరంగుళాల చక్రం మూడంగుళాల గట్టు ముందు ఆగిపోతుంది. నున్నని గచ్చుకోసం చేసిన బొటనవ్రేలంత చక్రాలు మన వీధులకు పనికిరావు. నాపరాళ్ళు పరచిన సందులలో రాతికి రాతికి నడుమ చీలికలు ఉంటవి. మురుగుకాలువపై పలక ఒకచోట ఉండి మరొకచోట ఉండదు. ఇంటి గుమ్మం ముందు రెండు మెట్లు. సిగ్గును జయించి బయలుదేరినామెను ఓడించడానికి ఇవి చాలును. కాబట్టి చక్రాల సంచి ఒక ఇంటివారు కొనుక్కుంటే సరిపోయే వస్తువు కాదు. వీధి కూడ దానిలో సగం.

ఇది మేడలు కట్టినంత పని కాదు. కాలువ దాటేచోట ఒక పలక, మెట్టు ప్రక్కన మూరెడు వెడల్పున వాలుగా పోసిన సిమెంటు, చీలికలలో కొంచెం సున్నం ఇసుక. పిడుగురాళ్ళలో సున్నానికి కొదవలేదు. మాచర్లలో రాతికి కొదవలేదు. రాయిని పలకలుగా చీల్చడం తెలిసిన చేతులు పల్నాట తరతరాలుగా ఉన్నవి. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు ప్రత్యేక జిల్లా అయినది. పెద్ద రోడ్ల సంగతి పెద్దలు చూచుకుంటారు. బజారునుండి ఇంటికి గల చిన్న దారిని చూచుకోవలసినవారు ఆ వీధివారే.

వచ్చే శివరాత్రికి మళ్ళీ ప్రభలు లేస్తవి. తమ ఊరి ప్రభ గతుకులో పడకుండ కుర్రవాళ్ళు మోకులు పట్టుకొని ముందు నడుస్తారు. తల్లి బజారుదారిలో ఎక్కడ మెట్టు ఉన్నదో, ఎక్కడ పలక విరిగినదో వారిలో ఒక్కరైనా ఒక్కమారు ఆమె వెంట నడిచి చూచినట్లయితే, అటకమీది సంచి క్రిందికి దిగడానికి ఎంతో కాలం పట్టదు.