మానిటర్‌కు తగ్గ గ్రాఫిక్స్ కార్డు

కొత్త కంప్యూటర్ ఆటలను 1080పీ లేదా 1440పీ తెర మీద, మంచి సెట్టింగులతో, సెకనుకు 60 ఫ్రేములకు తగ్గకుండా నడిపించగల కార్డులను మధ్యశ్రేణి గ్రాఫిక్స్ కార్డులు అంటారు. ఎన్విడియా, ఏఎండీ, ఇంటెల్ మూడూ ఈ శ్రేణిలో పోటీ పడుతున్నాయి. 2024 డిసెంబరులో ఇంటెల్ ఆర్క్ బీ580 వచ్చింది. 2025 ఏప్రిల్‌లో ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, మే నెలలో ఆర్‌టీఎక్స్ 5060, జూన్‌లో ఏఎండీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ విడుదలయ్యాయి. అమెరికాలో వీటికి ప్రకటించిన ధరలు 249 నుంచి 429 డాలర్ల దాకా ఉన్నాయి. దుకాణంలో కార్డు పేరు చూసి, పెద్ద అంకె ఉన్నదే మేలని కొనేవారు ఎక్కువ. ముందు తెర, తర్వాత మెమరీ, ఆపైన ఇంట్లో ఉన్న పీసీ అనే వరుసలో చూసుకుంటే డబ్బు వృథా కాదు.

తెరతో మొదలు

కార్డు మీద పడే పని ఎంతో తేల్చేది మానిటరే. 1080పీ తెరలో సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు ఉంటాయి. 1440పీ తెరలో 36.9 లక్షలు, 4కే తెరలో 83 లక్షలు. అంటే 1080పీ నుంచి 1440పీకి మారితే కార్డు ప్రతి ఫ్రేములోనూ దాదాపు 78 శాతం ఎక్కువ పిక్సెళ్లకు రంగులు లెక్కగట్టాలి.

రెండో లెక్క, తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో చెప్పే రిఫ్రెష్ రేటుది. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లలో తయారవ్వాలి. 144 కావాలంటే ఆ గడువు 6.9 మిల్లీసెకన్లకు పడిపోతుంది. 60 హెర్ట్జ్ మానిటర్ ఉన్నవారు 144 ఫ్రేములు ఇచ్చే కార్డు కొన్నా, తెర సెకనుకు 60 బొమ్మలే చూపిస్తుంది. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ వంటి పోటీ ఆటలు ఆడేవారికి ఫ్రేములు ముఖ్యం. ఇవి తేలికపాటి ఆటలు కాబట్టి 1080పీలో ఆర్‌టీఎక్స్ 5060 స్థాయి కార్డు సరిపోతుంది. కథ నడిచే పెద్ద ఆటలను 1440పీలో ఆడాలనుకునేవారు 16 జీబీ మెమరీ ఉన్న 5060 టీఐ, 9060 ఎక్స్‌టీల నుంచి వెతకడం మొదలుపెట్టాలి. అదే తెర మీద 100కు పైగా ఫ్రేములు కావాలంటే ఆర్‌టీఎక్స్ 5070, ఆర్‌ఎక్స్ 9070ల వైపు చూడాలి. ఆ రెండింటికీ ప్రకటించిన ధర 549 డాలర్లు.

మెమరీ దగ్గర జాగ్రత్త

ఆటలోని గోడలు, దుస్తులు, చెట్ల ఉపరితల చిత్రాలన్నీ కార్డు మీదుండే గ్రాఫిక్స్ మెమరీలోనే ఉంటాయి. కొత్త ఆటల్లో సెట్టింగులన్నీ పైకి పెడితే 8 జీబీ చాలని సందర్భాలు ఇప్పుడు 1080పీలోనే కనిపిస్తున్నాయి. మెమరీ నిండాక మిగిలిన సమాచారం కంప్యూటర్ ర్యామ్‌లోకి పోతుంది. అవసరమైనప్పుడల్లా అది మదర్‌బోర్డు స్లాటు గుండా రావాలి. ఆర్‌టీఎక్స్ 5060 సొంత మెమరీ సెకనుకు 448 జీబీ అందిస్తుంది. ఈ కార్డు వాడుకునేది స్లాటులోని ఎనిమిది లేన్లనే కాబట్టి, పీసీఐఈ 3.0 స్లాటు ఉన్న పాత మదర్‌బోర్డులో ఆ దారిన సెకనుకు 8 జీబీ మాత్రమే వస్తుంది. దాంతో సగటు ఫ్రేములు బాగానే కనిపించినా, మలుపు తిరిగినప్పుడల్లా ఆట మొరాయిస్తుంది. సమీక్షల్లో సగటుతో పాటు, అత్యంత నెమ్మదైన ఫ్రేముల వేగాన్ని చెప్పే ‘1 శాతం లో’ అనే అంకెను చూడమనేది ఇందుకే. ఈ తడబాటు బయటపడేది అక్కడే. మెమరీ చాలనప్పుడు కొన్ని ఆటలు ఆగకుండానే నడుస్తాయి కానీ, చిత్రాలను మసకగా చూపిస్తాయి.

ఒకే పేరుతో రెండు రకాలు అమ్మడం ఈ శ్రేణిలో మామూలే. 5060 టీఐ 8 జీబీ రకానికి 379 డాలర్లు, 16 జీబీ రకానికి 429 డాలర్లు పెట్టారు. 9060 ఎక్స్‌టీ విషయంలో ఆ ధరలు 299, 349. రెండు రకాల్లోనూ ఉండేది ఒకే చిప్పు. బిల్లు వేయించే ముందు పెట్టె మీద మెమరీ అంకెను చదివి చూసుకోవాలి. నాలుగైదేళ్లు వాడుకునేవారికి ఆ 50 డాలర్ల తేడా గిట్టుబాటే. అన్నిటికన్నా చవకైన బీ580లో 12 జీబీ ఉంది.

మెమరీ పరిమాణం ఎంత ముఖ్యమో దాని వేగమూ అంతే. కాలువలో పారే నీరు వెడల్పు మీదా, ప్రవాహ వేగం మీదా ఆధారపడినట్టే, చిప్పుకీ మెమరీకీ మధ్య దారి అయిన బస్ వెడల్పును మెమరీ వేగంతో హెచ్చవేస్తే అసలు అంకె తేలుతుంది. 2021 నాటి ఆర్‌టీఎక్స్ 3060ది 192 బిట్ల బస్, సెకనుకు 360 జీబీ. 2023లో వచ్చిన 4060కి బస్‌ను 128 బిట్లకు కుదించారు కాబట్టి అది 272కు తగ్గింది. ఆ లోటు పూడ్చడానికి చిప్పులోనే ఉండే వేగవంతమైన చిన్న మెమరీ అయిన క్యాష్‌ను పెంచారు. 5060దీ 128 బిట్లే అయినా, కొత్త జీడీడీఆర్7 మెమరీ వల్ల 448కి చేరింది. మెమరీ పెద్దదైనంత మాత్రాన కార్డు వేగంగా ఉండదు. 8 జీబీలో ఇమిడే ఆటల్లో 12 జీబీ ఉన్న 3060 కన్నా 5060దే పైచేయి.

సాఫ్ట్‌వేర్ సాయం

ఎన్విడియా డీఎల్ఎస్ఎస్, ఏఎండీ ఎఫ్ఎస్ఆర్, ఇంటెల్ ఎక్స్ఈఎస్ఎస్ చేసేది ఒకే పని. ఆటను తక్కువ పిక్సెళ్లతో గీసి, తెర సైజుకు పెంచి చూపిస్తాయి. 1440పీలో డీఎల్ఎస్ఎస్, ఎఫ్ఎస్ఆర్‌లలో ‘క్వాలిటీ’ ఎంచుకుంటే లోపల గీసేది సుమారు 1707×960 మాత్రమే. బొమ్మ నాణ్యత పెద్దగా దెబ్బతినకుండా ఫ్రేములు పెరుగుతాయి. ఫ్రేమ్ జనరేషన్ వేరు. అది రెండు ఫ్రేముల మధ్య ఊహించిన ఫ్రేములను చొప్పిస్తుంది. కదలిక నునుపుగా కనిపిస్తుంది కానీ, మౌస్ కదిలించాక తెర స్పందించే సమయం తగ్గదు. అసలు ఫ్రేములు 60 దాకా ఉన్నప్పుడే అది పనికొస్తుంది. ప్రకటనల్లో చూపే పెద్ద అంకెల్లో ఈ ఊహా ఫ్రేములు ఎన్నో గమనించాలి.

కాంతి కిరణాల దారిని లెక్కగట్టే రే ట్రేసింగ్ కూడా కొన్ని కొత్త ఆటల్లో ఇక ఐచ్ఛికం కాదు. 2024లో వచ్చిన ‘ఇండియానా జోన్స్ అండ్ ద గ్రేట్ సర్కిల్’, 2025 నాటి ‘డూమ్: ద డార్క్ ఏజెస్’ ఆటలు ఆ హార్డ్‌వేర్ లేని కార్డుల మీద ఆడేందుకు తయారు చేసినవి కావు. ఆ హార్డ్‌వేర్ లేని పాత జీటీఎక్స్ కార్డు చవకగా దొరికినా ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పీసీ మోయగలదా?

ప్రాసెసర్ పాతదైతే కొత్త కార్డు పూర్తి బలం చూపలేదు. దీన్ని ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. ఆటలో రిజల్యూషన్ తగ్గించి చూడాలి. ఫ్రేములు పెరిగితే అడ్డు కార్డుది, పెరగకపోతే ప్రాసెసర్‌ది. ఇంటెల్ ఆర్క్ కార్డులకు మదర్‌బోర్డు బయోస్‌లో రీసైజబుల్ బార్ అనే సదుపాయం ఉండి తీరాలి. పాత ప్రాసెసర్లతో వాటి వేగం మరింత తగ్గుతుంది.

తర్వాత పీసీకి కరెంటు అందించే ఎస్ఎంపీఎస్. స్లాటు నుంచి 75 వాట్లు, ఒక 8 పిన్ కనెక్టర్ నుంచి 150 వాట్లు వస్తాయి. 145 వాట్ల 5060కి ఒక కనెక్టర్ చాలు. మొత్తం పీసీకి 550 వాట్ల ఎస్ఎంపీఎస్ ఉండాలని ఎన్విడియా సూచిస్తుంది. 5060 టీఐకి అది 600. కేబినెట్‌తో ఉచితంగా వచ్చే నాసిరకం ఎస్ఎంపీఎస్ అసలుకే ఎసరు పెట్టవచ్చు. కార్డు పొడవు కేబినెట్‌లో పడుతుందో లేదో కొలుచుకోవాలి. వేసవిలో గది వేడి పెరిగినంతా కార్డు వేడీ పెరుగుతుంది కాబట్టి, మన ఎండలకు కేబినెట్‌లో గాలి ఆడేలా ముందు ఒకటి, వెనక ఒకటి ఫ్యాన్లు ఉండటం మంచిది. 145 వాట్ల కార్డుకు మాత్రం మూడు ఫ్యాన్ల ఖరీదైన రకం అక్కర్లేదు.

కొనేచోట

డాలరు ధరను రూపాయల్లోకి మార్చితే ఇక్కడి ధర రాదు. 18 శాతం జీఎస్టీ, దిగుమతిదారు మార్జిన్ కలుస్తాయి. అందుకే అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత తెప్పించుకునేవారున్నారు. అలా తెచ్చిన కార్డు కంపెనీ వారంటీ భారత్‌లో చెల్లుతుందో లేదో ముందే కనుక్కోవాలి. ఆన్‌లైన్ ధరను సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి కంప్యూటర్ మార్కెట్లలోని ధరతో పోల్చుకుని, సీరియల్ నంబరు ఉన్న జీఎస్టీ బిల్లు తీసుకోవాలి.

ఎథీరియం అనే క్రిప్టోకరెన్సీ 2022 సెప్టెంబరులో మైనింగ్‌కు స్వస్తి చెప్పాక, రాత్రింబవళ్లు పనిచేసిన కార్డులెన్నో సెకండ్ హ్యాండ్ మార్కెట్‌కు వచ్చాయి. అలాంటివి కొనేముందు అరగంట పాటు ఏదైనా భారీ ఆట నడిపించి, ఫ్యాన్ల చప్పుడు, ఉష్ణోగ్రత చూడాలి. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాములో చిప్పు వివరాలు సరిచూసుకోవాలి. ఆర్‌ఎక్స్ 580 పేరుతో అమ్మే వాటిలో 2304 కోర్లకు బదులు 2048 మాత్రమే ఉన్న రకమూ ఉంది.

కార్డు బిగించాక మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డుకు కాక కార్డుకే తగిలించాలి. మానిటర్ 144 హెర్ట్జ్‌ది అయినా విండోస్ 60 దగ్గరే ఉంచుతుండవచ్చు. డిస్‌ప్లే సెట్టింగుల్లో దాన్ని మార్చుకుంటేనే పెట్టిన డబ్బుకు తగ్గ ఫలితం తెర మీద కనిపిస్తుంది.