పెద్దల కోసం టెలివిజన్ రికార్డరు: ఎంపికలో కొన్ని మెలకువలు

ప్రసారమవుతున్న కార్యక్రమాన్ని భద్రపరచుకొని తీరికవేళ చూడగలగడం ఆధునిక విజ్ఞానం మన ఇళ్లకు అందించిన సౌకర్యాలలో ఒకటి. ఇది నిన్న మొన్నటిది కాదు. 1976లో జపాన్‌లో వి.హెచ్.ఎస్. పద్ధతి వీడియో కేసెట్ రికార్డరు వెలువడింది. తరువాతి దశాబ్దంలో మన పట్టణాల మధ్యతరగతి ఇళ్లలోకి కూడ ఆ యంత్రం ప్రవేశించింది. మా ఇంటిలోనూ ఒకటి ఉండేది. మా నానీ, అంటే అమ్మను కన్న తల్లి, ఉర్దూ లిపి తప్ప వేరొకటి చదవలేరు. అయినా ప్రతి కేసెట్‌పై కాగితం అంటించి, అందులోనిది ముషాయిరాయో నాటకమో తమ చేతితోనే ఉర్దూలో వ్రాసుకొనేవారు. ఏ కేసెట్‌లో ఏమున్నదో ఇంటిలోని చదువుకున్నవారు ఆమెను అడిగి తెలుసుకొనేవారు.

ఆ స్థానంలోకి ఇప్పుడు డిజిటల్ రికార్డరు వచ్చింది. బొమ్మ స్వచ్ఛంగా ఉన్నది, టేపు చిక్కుపడే బాధ లేదు. కాని నానీ ప్రతి చిన్న పనికీ మమ్మల్ని పిలవవలసి వస్తున్నది. తెరపై కనిపించే జాబితా అంతా ఆంగ్లంలో ఉంటుంది. పెద్దల కోసం రికార్డరు కొనదలచినవారు మొట్టమొదట ఆలోచించవలసిన విషయం ఇదేనని మా అభిప్రాయం. ఆ యంత్రం ఎన్ని పనులు చేస్తుందన్నది తరువాతి మాట. మనం ఇంట లేనప్పుడు వారు ఒంటరిగా దానిని నడుపుకొనగలరా అన్నది ముందు మాట.

యంత్రం పనిచేసే తీరు సులభంగానే బోధపడుతుంది. కేబుల్ ద్వారా గాని, డిష్ ద్వారా గాని వచ్చే డిజిటల్ ప్రసారంలో బొమ్మ, ధ్వని రెండూ అంకెల రూపంలో ఉంటాయి. సెట్‌టాప్ బాక్స్ ఆ అంకెలను దాచి, కోరినప్పుడు మరల తెరపైకి పంపుతుంది. కొన్ని బాక్సులలో అందుకై హార్డ్ డిస్క్ లోపలనే అమర్చి ఉంటుంది. మన దేశంలో 2008లో వచ్చిన టాటా స్కై ప్లస్ అట్టిదే. మరికొన్నింటికి మనమే పెన్‌డ్రైవ్ తగిలించాలి. సాధారణ ప్రసారం గంటసేపు భద్రపరచడానికి సుమారు ఒకటిన్నర జి.బి. స్థలం పడుతుంది కనుక 32 జి.బి. పెన్‌డ్రైవ్‌లో దాదాపు 20 గంటల కార్యక్రమాలు ఇముడుతాయి. హెచ్.డి. ప్రసారమైతే ఇందులో సగం కూడ ఇమడకపోవచ్చు. ఒక హెచ్చరిక: కొత్త పెన్‌డ్రైవ్‌ను వాడుకొనే ముందు బాక్సు దానిని ఫార్మాట్ చేస్తుంది, అంటే అందులో ఉన్నదంతా తుడిచివేస్తుంది. పెళ్లి ఫోటోలున్న పెన్‌డ్రైవ్‌ను తగిలించి విచారించినవారు మాకు తెలుసు.

దుకాణంలో తప్పక అడుగవలసిన ప్రశ్న ట్యూనర్లు ఎన్ని అన్నది. ప్రసారాన్ని అందుకొనే భాగమే ట్యూనరు. అది ఒక్కటే ఉంటే, ఒక ఛానెల్ రికార్డవుతున్నప్పుడు సాధారణంగా మరొక ఛానెల్ చూడడానికి వీలుండదు. ఛానెల్ మార్చబోతే రికార్డింగు ఆగిపోతుంది, కొనసాగించాలా అని తెరపై ఆంగ్లంలో ఒక ప్రశ్న వస్తుంది. ఆ భాష రానివారు ఏం చేస్తారు? ఓ.కే. మీట నొక్కుతారు. మా ఇంట ఒక ముషాయిరా సగంలో తెగిపోయింది ఈ విధంగానే. "నిన్నటిది మిగతా సగం ఏమైంది బేటా?" అని నానీ అడిగితే, తప్పు ఆమెది కాదని చెప్పడానికి మాకు చాలాసేపు పట్టింది. ఆమె నమ్మినట్లు లేదు. ఆ తరువాత కొన్ని వారాలు రిమోటును తాకనే లేదు. రెండు ట్యూనర్లున్న బాక్సుకు వెల ఎక్కువే గాని, ఆ అదనపు వెల వ్యర్థమని ఇక మేము అనలేము.

రిమోటు విషయానికి వస్తే, మీటలు పెద్దవిగా, ఎడమెడముగా ఉండాలి. రికార్డు మీట ఎర్రగా, చేతికి తడిమితే తెలిసేటట్లు ఉండాలి. ఇంతకన్న పెద్ద చిక్కు రెండు రిమోటులుండడం. హైదరాబాదులో కేబుల్ ప్రసారాలు డిజిటల్‌గా మారడానికి ప్రభుత్వం విధించిన గడువు 2013 మార్చి 31. ఆ మార్పుతో టీ.వీ. రిమోటుకు తోడు బాక్సు రిమోటు ఇంటింటికీ వచ్చింది. టీ.వీ. రిమోటుపై సోర్స్ అనే మీట పొరపాటున నొక్కితే తెర నీలమై, సిగ్నల్ లేదన్న మాట కనిపిస్తుంది. పెద్దలు టీ.వీ. చెడిపోయిందనుకొంటారు. ఆ మీటపై దళసరి ప్లాస్టరు అంటిస్తే చాలు.

మన పెద్దలకు మరొక అలవాటు ఉన్నది. రాత్రి పడుకొనే ముందు గోడమీది స్విచ్ కూడ ఆపివేస్తారు. పొదుపు దృష్టితో అది మంచి అలవాటే. కాని విద్యుత్తు అందని బాక్సు తెల్లవారుజామున రావలసిన కార్యక్రమాన్ని ఎట్లా రికార్డు చేయగలదు? దీనిని ముందే వివరించాలి. కరెంటు పోయే ప్రాంతమైతే బాక్సును ఇన్వర్టరు లైనుకు కలపాలి. కార్యక్రమాలు చెప్పిన సమయానికే మొదలై ముగియడం అరుదు కనుక టైమరును ఐదు నిమిషాలు ముందుగా, పదిహేను నిమిషాలు ఆలస్యంగా అమర్చడం క్షేమం.

ఫోనులో యూట్యూబ్ ఉండగా ఈ శ్రమంతా ఎందుకని మిత్రులు కొందరు అడుగుతారు. అన్ని కార్యక్రమాలూ అందులోకి రావు. వచ్చినా, చిన్న అక్షరాలను వెదుకుతూ మనుమల ఫోను ఖాళీ అయ్యేవరకు ఎదురుచూడడం పెద్దలకు రుచించదు. మగ్రిబ్ వేళకే ఇష్టమైన కార్యక్రమం వస్తే, నిశ్చింతగా నమాజు ముగించుకొని వచ్చి తమ గదిలో తమ తెరపై చూసుకోవడం వేరు.

భద్రపరచినదంతా చిరకాలం నిలుస్తుందనుకోవడం కూడ పొరపాటు. చాలా బాక్సులు తాము రికార్డు చేసినదానికి రహస్య లిపి వంటి తాళం వేస్తాయి. ఆ బాక్సులో తప్ప మరి దేనిలోనూ అది ఆడదు. మా బాక్సు చెడిపోయి ఆపరేటరు వేరొకటి ఇచ్చినప్పుడు, అంతవరకు కూడబెట్టినదంతా చూడడానికి పనికిరాకుండ పోయింది. ఈ సంగతి మాకెవరూ ముందుగా చెప్పలేదు.

జాబితా భాష విషయంలో మాకు తోచిన ఉపాయం పాతదే. చిన్న పెన్‌డ్రైవ్‌లు మూడు కొని, ముషాయిరాలకు ఒకటి, నాటకాలకు ఒకటి, రంజాను కార్యక్రమాలకు ఒకటిగా విభజించాము. మా బాక్సు వాటిని మార్చి మార్చి పెట్టడానికి అంగీకరిస్తున్నది. కొనేవారు దుకాణంలోనే, వీలైతే ఆ పెద్దవారి చేతితోనే, పరీక్షించి చూసుకోవాలి. జాబితాను ఉర్దూ, తెలుగు లిపులలో చూపే బాక్సును రూపొందించడం మన కళాశాల ఎలక్ట్రానిక్స్ విద్యార్థులకు తగిన ప్రాజెక్టు కాగలదని కూడ మనవి చేస్తున్నాము. అంతవరకు నానీ మూడింటికీ దారంతో కాగితపు చీటీలు కట్టి, ఉర్దూలో పేర్లు వ్రాసి పాన్‌దాన్ ప్రక్కన ఉంచుకొన్నారు. ముషాయిరాలది నిండవచ్చింది. నాలుగవది తెమ్మని మొన్ననే చెప్పారు.