మాటకు వెల కట్టే యంత్రం

డిగ్రీ పిల్లలకు వేలం లెక్కలు చెబుతుంటే వెనక బెంచీలోంచి ఒక కుర్రాడు అడిగాడు: "సార్, ఎక్కువకు పాడినవాడు రెండోవాడు పాడినంతే కడితే, వేలం పెట్టినవాడికి బొక్క కదా?" బాలాపూర్ గణపతి లడ్డూ పాట చూస్తూ పెరిగినవాళ్ళకు ఈ అనుమానం రావాల్సిందే. అక్కడ ఎంతకు పాడితే అంతా కట్టాలి. 1994లో 450 రూపాయలతో మొదలైన ఆ పాట 2024లో 30 లక్షలు దాటింది. లడ్డూ పాటకు ఆ రూలులో తప్పేమీ లేదు.

కానీ మనం గూగుల్‌లో కొనదగ్గ వస్తువు పేరు ఏది కొట్టినా, ఫలితాలు తెరమీదికి వచ్చేలోపు ఒక వేలం జరిగిపోతుంది. ఆ వేలంలో లడ్డూ రూలు నిలబడదు. ఎందుకు నిలబడదో తెలియడానికి ఒక కంపెనీ కథ చెప్పుకోవాలి.

దాని పేరు గోటూ, ఒక సెర్చ్ ఇంజన్. కాలిఫోర్నియాలోని పాసడీనాలో ఐడియాల్యాబ్ అనే సంస్థ నడుపుతున్న బిల్ గ్రాస్ 1998లో పెట్టాడు. అప్పట్లో మిగతా సెర్చ్ ఇంజన్లు బ్యానర్లు అమ్ముకునేవి, వెయ్యి మందికి చూపిస్తే ఇంత అని. ఆ వెయ్యి మందికి సరుకు అక్కర ఉందో లేదో ఎవరికీ పట్టేది కాదు. ఫలితాల్లోనూ చెత్త పేరుకుపోయింది. జనం ఎక్కువగా వెతికే మాటల్ని పేజీలో వందసార్లు దాచిపెట్టి, ఏ సంబంధమూ లేని సైట్లు పైకి ఎక్కేవి. గ్రాస్ గమనించినది చిన్న సంగతే. వెతికే పెట్టెలో మాట కొట్టినవాడు తనకేం కావాలో తన నోటితో తనే చెప్పేశాడు. అలాంటప్పుడు అమ్మాల్సిన సరుకు ఆ మాటే. ప్రకటన కంటపడితే పైసా కట్టక్కర్లేదు, నొక్కితేనే కట్టాలి. కనీస ధర ఒక సెంటు. ఎక్కువ ఇచ్చినవాడు పైన, తక్కువ ఇచ్చినవాడు కింద. ప్రతి ఫలితం పక్కనా క్లిక్కుకి ఎంత కడుతున్నాడో కూడా అచ్చేసేవారు. సంబంధం లేని మాట మీద పాడినవాడికి ఉత్తి క్లిక్కులకు డబ్బు వదులుతుంది కాబట్టి చెత్త దానంతటదే పోతుందని గ్రాస్ వాదన. డబ్బిచ్చినవాడికి పెద్దపీట వేస్తారా అని చాలామంది మొహం చిట్లించారు. నాకు మాత్రం ఆ ధర అచ్చేయడంలోని నిజాయితీ ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

చిక్కు పాటలోనే ఉంది. "ఒకటోసారి, రెండోసారి, మూడోసారి" అని కొట్టేసేవాడు గోటూలో లేడు. పాట రాత్రీపగలూ నడుస్తూనే ఉంటుంది, ఎవరైనా ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఒక మాట మీద ముగ్గురు ఉన్నారనుకుందాం. మూడోవాడు 40 సెంట్ల దగ్గర ఆగిపోయాడు. రెండోవాడి తాహతు 60, మొదటివాడిది 80. రెండోవాడు 41 పెడతాడు. మొదటివాడు 42. తర్వాత 43, 44, ఇలా సెంటు మీద సెంటు ఎక్కి 60 దాకా వస్తారు. అక్కడ రెండోవాడికి బుర్ర వెలుగుతుంది: పై చోటు ఎటూ దక్కదు, కింది చోటుకు 41 చాలుగా! దభీమని దిగిపోతాడు. అది చూసి పైవాడు, నాకు మాత్రం 60 దేనికని 42కి దిగుతాడు. మళ్ళీ మొదటికి వస్తుంది. గ్రాఫు గీస్తే రంపం పళ్ళే. బెంజమిన్ ఎడెల్మన్, మైకేల్ ఆస్ట్రోవ్‌స్కీ అనే ఆర్థికవేత్తలు 2002, 2003 నాటి పాటల చిట్టాలు తీసి చూస్తే ఆ పళ్ళు నిజంగానే కనిపించాయి. ఈ దాగుడుమూతలు ఆడటానికి ప్రకటనదారులు సాఫ్ట్‌వేర్‌ను కాపలా పెట్టుకున్నారు. పాడినంతా కట్టాలంటే ప్రతివాడి కన్నూ పక్కవాడి పాట మీదే ఉంటుంది. మాట అసలు విలువెంతో ఎవడూ బయటపెట్టడు.

దీనికి మందు విలియం వికెరీ అనే ఆర్థికవేత్త 1961లోనే రాసిపెట్టాడు. కవర్లో పెట్టి ఇచ్చే పాటల్లో ఎక్కువ రాసినవాడికి సరుకు ఇవ్వండి, ధర మాత్రం రెండోవాడు రాసినంతే తీసుకోండి అన్నాడు. అప్పుడు నా పాట నేను గెలుస్తానా లేదా అన్నదాన్నే తేలుస్తుంది, కట్టాల్సిన ధరను వేరేవాడి పాట తేలుస్తుంది. తగ్గించి రాస్తే ధర తగ్గదు, సరుకు చేజారే ప్రమాదం మాత్రం పెరుగుతుంది. కాబట్టి మనసులో ఉన్న ధరే రాయడం మేలు. కుర్రాడి ప్రశ్నకు జవాబు కూడా ఇదే. పాడినంతా మీద పడుతుందన్న భయం లేకపోతే జనం ధైర్యంగా ఎక్కువ రాస్తారు, వేలం పెట్టినవాడు మునిగిపోడు. వికెరీకి 1996లో నోబెల్ ప్రకటించారు. మూడు రోజులకే ఆయన చనిపోయాడు. ఈ ఆలోచన మీద ఎంత పెద్ద బజారు లేవబోతోందో చూడలేదు.

గూగుల్ 2000లో యాడ్‌వర్డ్స్ మొదలుపెట్టినప్పుడు పాత పద్ధతే, వెయ్యి చూపులకు ఇంత అని. 2002 ఫిబ్రవరిలో దాన్ని విప్పి కొత్తగా బిగించారు. బిగించినవాళ్ళలో ముఖ్యులు సలార్ కమాంగర్, ఎరిక్ వీచ్. ఈ వీచ్ అసలు కంప్యూటర్ బొమ్మల్లో వెలుతురు ఎలా పడుతుందో లెక్కగట్టడంలో దిట్ట. ఆ పనికి తర్వాత 2014లో సాంకేతిక విభాగంలో ఆస్కార్ కూడా అందుకున్నాడు. వెలుతురు లెక్కలవాడు వేలం కట్టడమే నాకు ఈ కథలో బాగా నచ్చిన మలుపు.

కొత్త యంత్రంలో రెండు మరలు ఉన్నాయి. మొదటిది, చోటును పాట ఒక్కటే తేల్చదు. పాటను, ఆ ప్రకటనను జనం నొక్కే అవకాశంతో గుణిస్తారు. రెండోది, గెలిచినవాడు తన చోటు నిలుపుకోవడానికి చాలినంతే కడతాడు. ముగ్గుర్ని తీసుకుందాం. రాము క్లిక్కుకి 20 రూపాయలు పాడాడు, అతని ప్రకటనను వెయ్యిమందిలో 20 మంది నొక్కుతారు. సీత 12 పాడింది, 50 మంది నొక్కుతారు. గోపి 10 పాడాడు, 30 మంది. వెయ్యి చూపుల మీద రాము లెక్క 400, సీతది 600, గోపిది 300. కాబట్టి సీత పైన. ఆమె ఎంత కట్టాలి? రాము 400ని దాటితే చాలు, అంటే 50 క్లిక్కులకు 400, క్లిక్కుకి 8 రూపాయల చిల్లర. రాము గోపి 300ని దాటాలి, 20 క్లిక్కులకు 300, క్లిక్కుకి 15. చూశారా? కిందివాడు 15 కడుతుంటే పైనున్న సీత 8 కడుతోంది. ఇలా బోర్డు మీద వేసి చూపించకపోతే ఎవరూ నమ్మరు. జనానికి పనికొచ్చే ప్రకటనకు రాయితీ, అక్కర్లేని ప్రకటనకు జరిమానా, రెండూ ఒకే గుణకారంలో.

అయితే ఇది పూర్తిగా వికెరీ వేలం కాదు. చోటు ఒక్కటే అయితే నిజం చెప్పడం లాభం, చోట్లు చాలా ఉంటే ఒక్కోసారి అబద్ధం లాభం. అందరి ప్రకటనలనూ జనం ఒకేలా నొక్కుతారనుకోండి. క్లిక్కు నాకు 10 రూపాయల విలువ, మిగతా ఇద్దరి పాటలు 8, 2. పై చోటుకు 100 క్లిక్కులు, కింది చోటుకు 80. నిజం పాడితే పైన కూర్చుని 8 కట్టి, వంద క్లిక్కుల మీద 200 మిగుల్చుకుంటాను. తగ్గించి 7 పాడితే కింద కూర్చుని 2 కట్టి, 80 క్లిక్కుల మీద 640. ఎడెల్మన్, ఆస్ట్రోవ్‌స్కీ, వాళ్ళతో కలిసి పనిచేసిన ష్వార్జ్ ఒకవైపు, గూగుల్‌కు సలహాలిచ్చిన ఆర్థికవేత్త హాల్ వేరియన్ ఇంకొకవైపు ఈ యంత్రాన్ని తిరగేసి చూశారు. అబద్ధానికి చోటున్నా పాటలన్నీ కుదురుకునే స్థితి ఒకటి ఉంటుందని 2007లో చూపించారు. రంపం పళ్ళు అరిగిపోవడానికి అది చాలింది.

తర్వాతి గొడవ క్లుప్తంగా. గోటూ 2001లో ఓవర్చర్‌గా పేరు మార్చుకుంది, 2002లో పేటెంటు కాపీ కొట్టారని గూగుల్ మీద కేసు వేసింది. అప్పటిదాకా ఓవర్చర్ ప్రకటనలు చూపిస్తున్న ఏఓఎల్ ఆ ఏడే దాన్ని వదిలి గూగుల్ దగ్గరికి వెళ్ళింది. 2003లో ఓవర్చర్‌ను యాహూ సుమారు 160 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. 2004 ఆగస్టులో గూగుల్ 27 లక్షల షేర్లిచ్చి యాహూతో రాజీ పడింది. క్లిక్కు అవకాశాన్ని కలిపి చోటు తేల్చే పద్ధతికి యాహూ 2007లో గానీ రాలేదు. ఐదేళ్ళు ఆలస్యం.

ఇంతవరకు అమ్మేవాడి యంత్రం. కొనేవాడికి, అంటే ప్రకటన ఇచ్చే దుకాణదారుకి, అసలు చిక్కు ఏ మాట మీద పాడాలన్నదే. ఆల్టావిస్టా సెర్చ్ ఇంజన్‌లో పనిచేసిన ఆండ్రీ బ్రోడర్ 2002లో వెతుకులాటల్ని మూడు గుట్టలుగా విడదీశాడు: ఫలానా సైటుకు వెళ్ళడానికి, ఏదో తెలుసుకోవడానికి, ఏదో పని చేయడానికి. ఆయన చూసిన చిట్టాలో తెలుసుకోవడానికి వెతికినవి దాదాపు సగం. పచ్చళ్ళు అమ్మే సైటు ఒకటి ఉందనుకోండి. 'ఆవకాయ ఎలా పెట్టాలి' అని వెతికేవాడికి కొలతలు కావాలి, సీసా కాదు. 'ఆవకాయ అమెరికాకు పంపాలి' అన్నవాడి చేతిలో అడ్రసు రెడీగా ఉంది. మొదటి మాటకు జనం ఎక్కువ, రెండోదానికి కొనుగోళ్ళు ఎక్కువ. ఆర్డరుకు 300 రూపాయలు మిగిలి, వంద క్లిక్కులకు నాలుగు ఆర్డర్లు వస్తే ఆ మాట విలువ క్లిక్కుకి 12 రూపాయలు. ఐదువందల క్లిక్కులకు ఒక ఆర్డరు వస్తే 60 పైసలు. పాట ఆ గీత దాటకూడదు. 'ఆవకాయ' అని ఒక్క మాట వదులుగా పెట్టి ఊరుకుంటే, 2008లో వచ్చిన 'ఆవకాయ్ బిర్యానీ' సినిమా పాటలు వెతికేవాళ్ళు కూడా వచ్చి నొక్కిపోతారు. అందుకే 'సినిమా', 'పాటలు', 'ఎలా' లాంటి వద్దనే మాటల జాబితా ఒకటి పెడతారు. చాలామంది దుకాణదారులకు కావలసిన మాటలకంటే ఈ జాబితాయే ఎక్కువ డబ్బు మిగులుస్తుందని నా నమ్మకం.

నొక్కినవాడే కొన్నాడని ఎలా తెలుస్తుంది? ప్రకటన నొక్కగానే సైటు చిరునామా చివర ఒక పొడుగాటి గుర్తు అంటుకుంటుంది. దాన్ని బ్రౌజర్‌లోని కుకీ అనే చిన్న చీటీ దాచుకుంటుంది. ఈ కుకీని నెట్‌స్కేప్ ఇంజనీరు లూ మోంటూలీ 1994లో కొనుగోలు బుట్ట గుర్తుపెట్టుకోవడానికే తయారుచేశాడు. ఆర్డరు పూర్తయిన పేజీ తెరుచుకోగానే ఆ గుర్తు వెనక్కి వెళ్ళి ఫలానా మాటకు ఒక ఆర్డరు జమ అని చెబుతుంది. ఇక్కడ తొందరపాటు వద్దు. వందకు మూడు చొప్పున నిజంగా కొనే మంచి మాటకైనా, మొదటి 50 క్లిక్కుల్లో ఒక్క ఆర్డరూ రాకపోవడానికి 22 శాతం అవకాశం ఉంది. 50 క్లిక్కులకే తీర్పు చెప్పేస్తే ఐదు మంచి మాటల్లో ఒకటి పాపం ఇలాగే రద్దయిపోతుంది.

ఇంకో మోసం లోతైనది. గుర్తు వెనక్కి వచ్చింది కాబట్టి ఆ మాటే గిరాకీని తెచ్చిందని యంత్రం రాసుకుంటుంది. ఈబే కంపెనీ కోసం థామస్ బ్లేక్, క్రిస్ నోస్కో, స్టీవెన్ టాడెలిస్ 2012లో ఒక పరీక్ష చేశారు. 'ఈబే' అనే తమ పేరు మీద యాహూలో, మైక్రోసాఫ్ట్ సెర్చ్‌లో ఇస్తున్న ప్రకటనలు ఆపేశారు. లెక్కల్లో బ్రహ్మాండంగా ఆర్డర్లు తెస్తున్న మాట అది. ఆపితే పోయిన క్లిక్కుల్లో 99.5 శాతం పక్కనున్న ఉచిత ఫలితం నుంచే వచ్చేశాయి. ఎలాగూ వచ్చేవాడికి కిరాయి కట్టి ఆటో పంపారన్నమాట. మిగతా మాటల మీద ప్రకటనల్ని కొన్ని ప్రాంతాల్లో రెండు నెలలు ఆపి చూస్తే, సగటున అమ్మకాల్లో లెక్కకు తట్టే తేడా రాలేదు. కొత్తవాళ్ళ మీద, ఎప్పుడో ఒకసారి కొనేవాళ్ళ మీద మాత్రం ప్రకటన పనిచేసింది. డబ్బులో ఎక్కువ వాటా పోయింది పాత గిరాకీ మీదికే.

ఆపైన యంత్రానికి మూతలు పడుతూ వచ్చాయి. ఉచిత ఫలితాల నుంచి వచ్చినవాళ్ళు ఏ మాట కొట్టారో సైట్లకు చెప్పడం గూగుల్ 2011లో తగ్గించింది, 2013కల్లా దాదాపు మానేసింది. 2020లో ప్రకటనదారులకిచ్చే నివేదికలోనూ కొన్ని మాటలు కత్తిరించింది. మన భాష సంగతికొస్తే, 2018 ఆగస్టులో గూగుల్ ప్రకటనల వ్యవస్థలోకి తెలుగు వచ్చింది. మనవాళ్ళు మాత్రం చాలావరకు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు. 'పచ్చడి'లో ఒకరు ఒక సీ, ఒక హెచ్ వేస్తే, ఇంకొకరు రెండు సీలు, మరొకరు రెండు హెచ్‌లు వేస్తారు. అన్నీ వేర్వేరు మాటలుగానే వెతుకులాటల్లోకి దిగుతాయి.

సైటు నడిపేవాళ్ళు ఈబే పరీక్షనే చిన్నగా చేసి చూడండి. పోటీవాళ్ళు మీ దుకాణం పేరు మీద పాడటం లేదని చూసుకుని, ఆ పేరు మీది ప్రకటనను ఒక ఊళ్ళో నెలపాటు ఆపండి. పక్క ఊళ్ళో అలాగే ఉంచండి. నెలాఖరున ప్రకటనల నివేదిక తెరవకండి, రెండు ఊళ్ళ మొత్తం ఆర్డర్ల పుస్తకం తెరవండి.