కొయ్య ఎరకు బదులు ఫోమ్ ఎర: కొర్రమేను గాలానికి ఇంటి తయారీ

తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమేను మధ్యమధ్య నీటిపైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది. నాచు, గుర్రపుడెక్క అల్లుకున్న చెరువు అంచుల్లో పొంచి ఉండి కప్పలను, చిరుచేపలను వేటాడుతుంది. గాలం వేసేవారు దీనికై కప్ప ఆకారపు కృత్రిమ ఎరను నీటిపై కదిలించడానికి ఈ స్వభావమే కారణం. బతికిన కప్పను గాలానికి గుచ్చే పద్ధతి కంటె ఇది మేలు.

ఇటువంటి ఎరలను తేలిక కొయ్యతో చెక్కడం పాత అలవాటు. విదేశాల్లో అందుకు బాల్సా వాడుతారు. మన ప్రాంతంలో దానికి దగ్గరిది పొణికి. నిర్మల్ బొమ్మలకు ఆధారమైన ఆ కొయ్య కళాకారులకే కరవవుతున్నప్పుడు, చెరువులో పోయే వస్తువుకు దానిని వెచ్చించడం సమంజసం కాదు. పైగా రంగు పొర చిట్లినచోట, మర బిగించిన రంధ్రం వద్ద కొయ్య నీరు పీల్చి బరువెక్కుతుంది. ఒకే దుంగలోని రెండు ముక్కల సాంద్రత కూడ సమానంగా ఉండదు.

చంపాపేట్ వంటి నగర ప్రాంతంలో దీనికి ప్రత్యామ్నాయం ఇంటిలోనే ఉన్నది: అరిగిన ఫోమ్ చెప్పు. ఈవీఏ ఫోమ్‌లోని గాలి గదులు ఒకదానితో ఒకటి కలియవు గనుక కోసినా నీరు చేరదు. థర్మోకోల్ ఇంకా తేలికే గాని పూసలుగా రాలిపోతుంది, పెట్రోలు, థిన్నర్ తగిలితే కరుగుతుంది. పీవీసీ నీటికంటె బరువైనది. గొట్టం చివరలు మూస్తేనే తేలుతుంది. కాల్చి వంచబోతే హానికరమైన ఆమ్లవాయువు వెలువడుతుంది.

తయారీలో కీలకం చెక్కడం కాదు, తూచడం. అంచువరకు నీరు నింపిన గ్లాసులో, చెక్కిన ఫోమ్ ముక్కను సూదితో పూర్తిగా ముంచి, పొర్లిన నీటిని పట్టి తూచవలెను. ఆ నీరు 10 గ్రాములైతే ముక్క ఘనపరిమాణం 10 ఘనపు సెంటీమీటర్లు. ముక్క బరువు 2 గ్రాములనుకుందాం. ఎర సగం మునిగి తేలాలంటే మొత్తం బరువు 5 గ్రాములుండవలెను. అంటే కొక్కెం, తీగ, అదనపు బరువు కలిసి 3 గ్రాములు. మొత్తం 10 గ్రాములకు మించితే మునుగుతుంది. లోహపు భాగాలు తొలగించే కొద్దిపాటి నీటిని ఈ లెక్కలో విడిచిపెట్టవచ్చును. అదనపు బరువుకు సీసం వద్దు, అది విషలోహం. చిన్న స్టెయిన్‌లెస్ స్టీల్ నట్టును పొట్ట వెనుక భాగంలో అమర్చితే తోక వంగి, కొక్కెపు మొన పైకి నిలుస్తుంది.

కొయ్యలో మర పట్టు నిలుపుకొంటుంది. ఫోమ్‌లో అది ఊడివస్తుంది. కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీల్ తీగను తలనుండి తోకవరకు దూర్చి, ముందు చివర దారానికి, వెనుక చివర కొక్కేనికి ఉంగరాలు చుట్టవలెను. అప్పుడు చేప లాగిన బలం తీగపై పడుతుంది గాని ఫోమ్‌పై పడదు. రంధ్రాన్ని రెండు భాగాల ఎపాక్సీ జిగురుతో నింపి, ఒక రాత్రి గట్టిపడనివ్వాలి. గరుకు కాగితంతో రుద్దిన పొడిని కాలువలో కడగక, కాగితంపై పోగుచేసి చెత్తలో వేయవలెను.

సింథటిక్ ఎరకు అసలు చిక్కు తెగిపోయిన తరువాతనే. కొయ్య కాలక్రమంలో కుళ్లుతుంది, ఫోమ్ కుళ్లదు. సరూర్‌నగర్ చెరువువలె నగరపు మురుగును, ప్లాస్టిక్‌ను భరించే చెరువులకు మరొకటి చేర్చరాదు. అందువలన మునిగే ఎరకంటె తేలే ఎరనే చేయడం ఉచితం: తెగినా కనబడుతుంది, ఏరుకోవచ్చును. వీపుపై నారింజ రంగు మచ్చ ఇందుకు తోడ్పడుతుంది. మెత్తని రబ్బరు తోకలు తగిలించకపోవడమే మంచిది. చేపలు వాటిని కొరికి మింగుతాయి.

వానకాలంలో ఎర్రని పిల్లల గుంపు నీటిపై కనిపించినచోట మాత్రం ఈ ఎర వేయరాదు. అక్కడ కొర్రమేను ఆకలితో గాక పిల్లలను కాచుకొనుటకు ఎరపై దూకుతుంది. దానిని పట్టుకుంటే ఆ గుంపు ఇతర చేపల పాలవుతుంది. చెరువుల్లో చేపల హక్కు సాధారణంగా మత్స్య సహకార సంఘానిది కనుక, గాలం వేయడానికి ముందు వారి అనుమతి తీసుకొనవలెను.