ఉపకార వేతనాలు – క్రెడిట్ల పరిమితి

ఉన్నత విద్యకు పేదరికమే ప్రధానమైన అడ్డంకి అనియు, ఉపకార వేతనం లభించినచో ఆ అడ్డంకి తొలగినట్లే అనియు సామాన్యంగా భావిస్తాము. కాని ఉపకార వేతనానికి సయితం ఒక హద్దు ఉన్నది. దానిని ముందుగా గుర్తించని విద్యార్థి పట్టాకు అతి చేరువలో ఆగిపోవలసి వస్తుంది. క్రెడిట్ పద్ధతి చిరకాలంగా అమలులో ఉన్న అమెరికా దేశాన్ని ఉదాహరణగా గైకొని ఈ విషయాన్ని పరిశీలిద్దాము.

అక్కడ ఒక పాఠ్యాంశానికి వారానికి ఎన్ని గంటల బోధన ఉండునో, స్థూలంగా అన్ని క్రెడిట్లు లభిస్తాయి. సాధారణంగా ఒక్కొక్క దానికి 3 క్రెడిట్లు. బి.ఏ., బి.ఎస్. వంటి పట్టాలకు సుమారు 120 క్రెడిట్లు కావలెను. నాలుగేండ్లలో ముగించదలచినవాడు సెమిస్టరుకు 15 చొప్పున ఉత్తీర్ణుడు కావలెను. అయితే కేంద్ర ప్రభుత్వ సహాయం విషయంలో 12 క్రెడిట్లు తీసుకున్నవాడు కూడా పూర్తికాలపు విద్యార్థియే. ఈ లెక్కను నమ్మి చదివినవానికి ఎనిమిది సెమిస్టర్ల పిమ్మట 96 క్రెడిట్లు మాత్రమే చేతికి వస్తాయి. మరొక సంవత్సరం చదువు మిగిలియే ఉంటుంది.

పేద విద్యార్థులకు ఆ ప్రభుత్వమిచ్చే పెల్ గ్రాంటు 1972లో ఏర్పడినది. 1980లో సెనేటర్ క్లైబోర్న్ పెల్ పేరు దానికి పెట్టబడినది. తిరిగి చెల్లించనక్కరలేని ఈ సహాయానికి పూర్వం 18 సెమిస్టర్ల పరిమితి ఉండగా, 2012లో దానిని 12కు తగ్గించారు. పన్నెండు సెమిస్టర్లు చాలునని తోచవచ్చును. కాని పునాది చాలని విద్యార్థులు పట్టా లెక్కలోనికి రాని ప్రాథమిక పాఠాలు ముందు చదువవలసి వచ్చుట, కళాశాల మారినప్పుడు పాత క్రెడిట్లను క్రొత్త కళాశాల అంగీకరించకపోవుట మున్నగు కారణాలచేత ఆ మిగులు కాలం కరగిపోతుంది.

జార్జియా రాష్ట్రంలోని హోప్ ఉపకార వేతనం ఇంతకంటె కఠినమైనది. గవర్నర్ జెల్ మిల్లర్ కాలంలో, 1993లో, లాటరీ ఆదాయంతో ఇది ఆరంభమైనది. సామాన్యంగా దీని పరిమితి 127 క్రెడిట్లు. అనగా 120 క్రెడిట్ల పట్టాకు మిగులు ఏడే. రెండు పాఠ్యాంశాల విలువ! పైగా ఇక్కడ లెక్కించబడేవి ఉత్తీర్ణమైన క్రెడిట్లు మాత్రమే కావు, ప్రయత్నించిన క్రెడిట్లన్నియును. తప్పినవి, మధ్యలో విడిచినవి కూడా ఆ ఖాతాలోనే చేరుతాయి. ఒక విద్యార్థి శాఖ మారినందున 24 క్రెడిట్లు వ్యర్థమైనవనుకొందాము. అతడు మొత్తం 144 క్రెడిట్లు చదువవలెను. చివరి సెమిస్టరు గడప తొక్కేసరికే 127 దాటిపోతుంది. ఇంతకాలం ఆదుకున్న సహాయం పరీక్షకు నాలుగు నెలల ముందు ఆగిపోతుంది.

పరిమితి అసలే ఉండరాదని అనలేము. ప్రజాధనం అక్షయపాత్ర కాదు. ఒకరు అనవసరంగా జాగు చేసినచో మరొకరి అవకాశం తగ్గుతుంది. కాని సోమరితనంచేత తప్పినవానిని, రాత్రి కొలువు చేసి పగలు చదివి తప్పినవానిని ఈ లెక్క ఒకే తక్కెడలో తూచుచున్నది. న్యాయం ఇక్కడనే కుంటుపడుచున్నది.

అట్లాంటా పరిసరాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు ఇది ఇంటి సమస్యయే. విద్యార్థి వీసాపై వెళ్ళేవారికి ఈ రెండు సహాయాలును వర్తించవు. అయినను 2015 నుండి మన విశ్వవిద్యాలయాలలోను క్రెడిట్ పద్ధతి వ్యాపించినందున ఇందలి నీతి మనకును అవసరమే. ఉపకార వేతనం మంజూరైన నాడే అది ఎంత మొత్తమని మాత్రమే గాక, ఎంతకాలం వరకు, తప్పినచో ఏమగునని కూడ కార్యాలయంలో అడిగి తెలిసికొనవలెను. మోయగలిగినన్ని పాఠ్యాంశాలే తీసుకొనవలెను. తీసుకొనని పాఠ్యాంశం ఆలస్యాన్ని మాత్రమే తెచ్చును. తీసుకొని విడిచినది ఆలస్యంతో పాటు సహాయాన్ని కూడ హరించును. ఏటేటా మిగిలిన క్రెడిట్లను, మిగిలిన సహాయాన్ని ప్రక్క ప్రక్కన వ్రాసి చూచుకొను విద్యార్థికి చివరి సంవత్సరం ఆపద కాబోదు.