గుర్తు చూస్తే ఊరు తెలియాలి

కాలేజీ జట్టుకు మంచి చిహ్నం ఏది? - అమెరికా మైదానాలు చెబుతున్న పాఠం

(మా గ్రామీణ విలేఖరి)

అమెరికా చదువులకు పిల్లలను పంపిన ఏ పల్లెలోనైనా ఇప్పుడు ఒక కొత్త విశేషం కనిపిస్తోంది. పొలానికి పోయే పెద్దాయన నెత్తిన టోపీ ఉంటుంది. దాని మీద పొడుగాటి కొమ్ముల ఎద్దు తల ఉంటుంది. రచ్చబండ దగ్గర కుర్రవాడి బనియన్ మీద డేగ తల, మరొకరి చొక్కా మీద ఒకే ఒక్క అక్షరం. అదేమిటని అడిగితే, మనవడు చదివే కాలేజీ గుర్తు అని గర్వంగా చెబుతారు.

ఆ బొమ్మలు ఉత్త అందానికి వేసినవి కావు. అవి ఆయా విశ్వవిద్యాలయాల ఆటల జట్ల చిహ్నాలు. కొన్నింటి వెనుక ఒక నేల చరిత్ర ఉంది. కొన్నింటి వెనుక ఏళ్ళ తరబడి సాగిన తగవులున్నాయి. ఒక జట్టు పేరు, బొమ్మ ఉంచాలా తీసేయాలా అన్న విషయం మీద 2012లో ఒక రాష్ట్ర ప్రజలంతా ఓటు వేయవలసి వచ్చింది. ఒక బొమ్మకు అంత పట్టింపు ఎందుకు? అసలు మంచి గుర్తు ఎలా ఉండాలి?

ఆట కాదు, తిరునాళ్ళ

అమెరికాలో కాలేజీ ఆటలంటే మన తిరునాళ్ళ లాంటివి. ముఖ్యంగా వాళ్ళ ఫుట్‌బాల్. అది మనం కాలితో తన్నే ఆట కాదు. బంతిని చేత్తో పట్టుకుని, తలకు హెల్మెట్ పెట్టుకుని, ఒకరినొకరు ఢీకొంటూ పరుగెత్తే ఆట. మిషిగన్ విశ్వవిద్యాలయం మైదానంలో లక్ష మందికి పైగా కూర్చోవచ్చు. నెబ్రాస్కా, అయోవా వంటి వ్యవసాయ రాష్ట్రాలకు ఆ ఆటలో పెద్ద వృత్తి జట్లు లేవు. అక్కడ విశ్వవిద్యాలయం జట్టే రాష్ట్రం జట్టు. కాలేజీ గడప తొక్కని రైతు కూడా ఆ టోపీ పెట్టుకుంటాడు. అందుకే ఆ గుర్తు ఒక్క కాలేజీది కాదు, అందరిదీ.

ముద్ర వేరు, గుర్తు వేరు

చదువుల ముద్ర ఒకటి, ఆటల గుర్తు ఒకటి. ఈ రెండింటికీ తేడా ముందు తెలియాలి. 1926లో ఏర్పడిన మన ఆంధ్ర విశ్వవిద్యాలయం చిహ్నాన్ని చిత్రకారుడు కౌతా రామమోహన శాస్త్రి గీశారు. అందులో ఉదయించే సూర్యుడు, తామరపువ్వు, సర్పాలు ఉన్నాయి. ఒక్కొక్కదానికీ ఒక్కో అర్థం ఉంది. పట్టా కాగితం మీద దాన్ని తీరిగ్గా చూసుకోవచ్చు, చదువుకోవచ్చు. అదే ముద్రను కబడ్డీ ఆడే కుర్రవాడి ఎదురురొమ్ము మీద వేస్తే యాభై గజాల దూరంలో ఏమీ తెలియదు. ముద్రను తప్పు పట్టనక్కరలేదు, దాని పని వేరు.

అమెరికా విశ్వవిద్యాలయాలు చాలావరకు రెండూ పెట్టుకున్నాయి. పట్టాలకు ముద్ర, మైదానానికి గుర్తు. మొదటి దానిలో ఎన్ని సంగతులైనా ఉండవచ్చు. రెండో దానిలో ఒకే ఒక్క సంగతి ఉండాలి.

ఈ సూత్రం మన పల్లెలకు కొత్తది కాదు. 1951-52లో మొదటి సాధారణ ఎన్నికలు జరిగినప్పుడు ఓటర్లలో ఎక్కువ మందికి చదువు రాదు. అందుకే పార్టీలకు బొమ్మలు కేటాయించారు. కాంగ్రెస్‌కు ఆనాడు జోడెద్దులు. నల్ల సిరాతో చిన్నగా అచ్చు వేసినా, గోడ మీద సున్నంతో గీసినా ఇది ఫలానా అని తెలియాలి. మంచి ఆటల గుర్తుకూ అదే పరీక్ష.

కళ్ళు లేని ఎద్దు

టెక్సస్ విశ్వవిద్యాలయం గుర్తు ఈ పరీక్షలో మొదటి మార్కు తెచ్చుకుంటుంది. పొడుగు కొమ్ముల ఎద్దు తల, అంతే. కళ్ళు లేవు, ముక్కు లేదు, కోపం లేదు. ఒక్క అంచు గీత, లోపల ఇటుకను పోలిన నారింజ రంగు. డారెల్ రాయల్ శిక్షకుడుగా ఉండగా 1961లో దీన్ని ఆటగాళ్ళ హెల్మెట్ల మీదికి ఎక్కించారు. బొగ్గు ముక్కతో గోడ మీద పిల్లవాడైనా గీయగలడు.

ఆ ఎద్దు ఊహలో పుట్టినది కాదు. స్పెయిన్ వాళ్ళు తెచ్చిన పశువుల సంతతిగా టెక్సస్ బీళ్ళలో పెరిగిన జాతి అది. పందొమ్మిదో శతాబ్దంలో వేల కొద్దీ మందలను వందల మైళ్ళు తోలుకుపోయి రైలు స్టేషన్ల దగ్గర అమ్మేవారు. ఆ రాష్ట్రం బ్రతుకుతెరువే ఆ గుర్తు. 1916లో మొదటిసారి నిజమైన ఎద్దునే మైదానానికి తీసుకువచ్చారు. దానికి బీవో అని పేరు. 1955లో చూపుడు వేలు, చిటికెన వేలు పైకి లేపి కొమ్ముల్లాగా చూపే చేతి సంజ్ఞ వచ్చింది. గుర్తు గోడ మీదే కాదు, చేతిలో కూడా ఇమిడిపోయింది. అక్కడ చదివిన మన పిల్లలు పట్టా పుచ్చుకున్న రోజు ఫొటోల్లో అలా వేళ్ళు ఎందుకు లేపుతారో తల్లిదండ్రులకు ఇప్పుడు అర్థమై ఉంటుంది.

మిషిగన్ వారిది మరో తెలివి. 1938లో శిక్షకుడు ఫ్రిట్జ్ క్రిస్లర్ నీలం హెల్మెట్ మీద పసుపు రంగులో రెక్కల వంటి గీతలు వేయించాడు. దూరంగా పరుగెత్తుతున్న తన జట్టువాణ్ణి బంతి విసిరేవాడు ఇట్టే గుర్తుపట్టాలన్నది ఆయన ఉద్దేశం. అందం తర్వాత వచ్చింది. అవసరం ముందు పుట్టింది.

ఎగతాళినే పేరుగా

మంచి గుర్తుకు రెండో లక్షణం సొంత మట్టి వాసన. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం గుర్తు బ్యాడ్జర్. అది బొరియలు తవ్వి బ్రతికే జంతువు. సుమారు 1820, 1830 దశకాల్లో అక్కడికి సీసం గనుల పనికి వచ్చిన కూలీలకు ఇళ్ళు లేవు. చలికాలంలో కొండ వాలులో తవ్వుకున్న సొరంగాల్లోనే తలదాచుకునేవారు. బొరియల్లో ఉండే బ్యాడ్జర్లని వారికి పేరు పడింది. ఆ పేరునే రాష్ట్రం నెత్తిన పెట్టుకుంది. బిరుదుల కోసం రాజుల కథలు వెతకలేదు.

నెబ్రాస్కా జట్టు పేరు కార్న్ హస్కర్స్. అంటే మొక్కజొన్న పొత్తులు ఒలిచేవాళ్ళు. 1900 ప్రాంతంలో ఈ పేరు స్థిరపడింది. అంతకు ముందు వాళ్ళను బగ్ ఈటర్స్ అనేవారు, అంటే పురుగులు తినేవాళ్ళు! చేలో చేసే పనిని నామోషీ అనుకోకుండా జట్టు పేరుగా పెట్టుకోవడం గమనించదగ్గ విషయం. హెల్మెట్ మీద బొమ్మ కూడా లేదు. తెలుపు మీద ఎర్రటి ఒక్క అక్షరం.

రైతు కోసం మూడక్షరాలు

అయోవా కథ మన రైతులు తప్పక తెలుసుకోవలసినది. 1979లో హేడెన్ ఫ్రై అనే శిక్షకుడు ఆ విశ్వవిద్యాలయం జట్టును చేపట్టాడు. అప్పుడే డేగ తలను కొద్ది గీతల్లో చూపే కొత్త గుర్తు వచ్చింది. జట్టు పుంజుకుంది. కానీ అదే కాలంలో ఆ రాష్ట్రంలో రైతు కుప్పకూలాడు. వడ్డీలు పెరిగాయి, భూముల ధరలు పడిపోయాయి. అప్పు తీర్చలేక ఎంతో మంది పొలాలు పోగొట్టుకున్నారు.

1985లో అయోవా జట్టు దేశంలో మొదటి స్థానానికి చేరింది. దేశం కళ్ళన్నీ ఆ జట్టు మీద ఉన్న సమయమది. ఫ్రై తన ఆటగాళ్ళ హెల్మెట్ల మీద చిన్న గుండ్రటి స్టిక్కర్ అంటించాడు. దాని మీద ఎ, ఎన్, ఎఫ్ అని మూడక్షరాలు. అమెరికాకు రైతులు కావాలి అని వాటి భావం. ఆట చూస్తున్న పట్నవాసులకు పల్లె కష్టం ఆ విధంగా చేరింది. తర్వాత కాలంలోనూ ఆ స్టిక్కర్ ఆ హెల్మెట్ల మీద కనిపిస్తూ వచ్చింది. గెలుపు కోసం పెట్టుకున్న గుర్తు పక్కన కష్టంలో ఉన్నవారికి చోటిచ్చిన జట్టు అది.

పరాయి ముఖం

ఇక తగవు సంగతి. ఉత్తర డకోటా విశ్వవిద్యాలయం జట్టుకు 1930 నుంచి ఫైటింగ్ సూ అన్న పేరు ఉండేది. సూ అన్నది ఆ నేల ఆదివాసుల తెగ. మనం పాఠ్యపుస్తకాల్లో రెడ్ ఇండియన్లని చదువుకున్న వారిలో ఒక జాతి. గుర్తుగా ఈకలు ధరించిన సూ యోధుడి ముఖం. 1999లో దాన్ని కొత్తగా గీసినది కూడా ఒక ఆదివాసీ చిత్రకారుడే, కానీ ఆయనది వేరే తెగ. గీత చూస్తే చక్కనిదే. దూరానికి తెలుస్తుంది, రోషం ఉంది, నేల సంబంధం ఉంది. లోపమల్లా ఆ ముఖం ఎవరిదో వారిని అడగకపోవడమే.

ఇది గౌరవమేనని అభిమానులన్నారు. సూ తెగలోనూ కొందరు అలాగే అనుకున్నారు. అయితే ప్రత్యర్థి జట్ల అభిమానులు ఆ పేరుకు బూతులు తగిలించి అరిచేవారు. అదే కాలేజీలో చదివే ఆదివాసీ పిల్లలు ఆ అరుపులు వింటూ కూర్చోవలసి వచ్చేది. తమ తాతల ముఖాన్ని ఆటవస్తువు చేశారని వారు బాధపడ్డారు.

అక్కడ మంచు హాకీ పెద్ద ఆట. దానికి కోట్ల డాలర్లతో భవనం కట్టిస్తున్న దాత, పేరు మారిస్తే పని ఆపేస్తానని 2000లో హెచ్చరించాడు. పేరు ఉండిపోయింది. 2001లో భవనం తెరిచారు. అందులో నేల మీద, కుర్చీల మీద, గోడల మీద ఆ ముఖం వేల చోట్ల కనిపించింది.

2005లో కాలేజీ క్రీడల జాతీయ సంఘం, ఆదివాసులను కించపరిచే గుర్తులతో తమ ఛాంపియన్‌షిప్ పోటీలకు రాకూడదని నియమం పెట్టింది. విశ్వవిద్యాలయం కోర్టుకెక్కింది. 2007లో రాజీ కుదిరింది. మూడేళ్ళలో రెండు సూ సమూహాల సమ్మతి తెస్తే గుర్తు ఉంచుకోవచ్చునన్నారు. స్పిరిట్ లేక్ వారు 2009లో ఓటు వేసి సరే అన్నారు. స్టాండింగ్ రాక్ వారి సమ్మతి రాలేదు. చివరకు 2012 జూన్‌లో రాష్ట్రమంతటా ఓటింగ్ జరిగితే దాదాపు 67 శాతం మంది ఆ పేరు వదిలేయడానికే మొగ్గు చూపారు. 2015లో ఫైటింగ్ హాక్స్ అన్న డేగల పేరు ఎంచుకున్నారు. ఎనభై ఏళ్ళ అలవాటును వదులుకోవడం చాలా మందికి కష్టమైంది. మొదట్లోనే అడిగి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

అడిగి తీసుకున్నవారు

అడిగినవారి కథ వేరుగా నడిచింది. ఫ్లోరిడా రాష్ట్ర విశ్వవిద్యాలయం జట్టు పేరు సెమినోల్స్. అదీ ఆదివాసీ తెగ పేరే. ఫ్లోరిడాలోని ఆ తెగ మండలి 2005లో తమ సమ్మతి తెలుపుతూ తీర్మానం చేసింది. నిషేధం నుంచి ఆ జట్టుకు మినహాయింపు దొరికింది. యూటా విశ్వవిద్యాలయం 2014లో యూట్ తెగతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకుంది.

అడగడం తెగల విషయంలోనే కాదు. జార్జియా విశ్వవిద్యాలయం 1964లో గుండ్రటి జి అక్షరాన్ని గుర్తుగా పెట్టుకోవాలనుకుంది. గ్రీన్ బే ప్యాకర్స్ అనే వృత్తి జట్టుకు అప్పటికే దాదాపు అలాంటి అక్షరం ఉంది. వారి అనుమతి తీసుకున్నాకే వేసుకున్నారు. ఆరెగాన్ విశ్వవిద్యాలయానికి బాతు గుర్తు. అది వాల్ట్ డిస్నీ కంపెనీ వారి డొనాల్డ్ బాతును పోలినది. 1947లో డిస్నీయే స్వయంగా నోటిమాటగా ఒప్పుకున్నాడు, కరచాలనంతో సరి. 1966లో ఆయన పోయాక ఆ మాటను కాగితం మీద పెట్టుకోవలసి వచ్చింది. గట్టు తగాదాలు చూసిన మన రైతులకు నోటిమాటకూ కాగితానికీ ఉన్న తేడా వేరే చెప్పనక్కరలేదు.

మన జట్ల సంగతి

మన జూనియర్, డిగ్రీ కాలేజీల జట్లు కబడ్డీ, వాలీబాల్, ఖోఖో పోటీలకు వెళుతూనే ఉన్నాయి. చాలా చోట్ల చొక్కాలు కుట్టించే దుకాణంలో కంప్యూటర్లో ఉన్న పులి బొమ్మో, విదేశీ క్లబ్బు గద్దో వేయించి తెస్తున్నారు. ఒకే పోటీలో రెండు జట్ల రొమ్ము మీద ఒకే పులి గర్జిస్తే ఎవరు ఎవరో ప్రేక్షకులకు తెలియదు. ఆ పులికీ మన ఊరికీ సంబంధం లేదు.

మనకు గుర్తులు కరువా? ఒంగోలు గిత్త మూపురం, కొమ్ములు ఒక్క గీతలో గీస్తే టెక్సస్ ఎద్దుకు ఏ మాత్రం తీసిపోదు. తాటిచెట్టు ఉంది, నాగలి ఉంది, మగ్గం ఉంది, తెరచాప పడవ ఉంది, పాలపిట్ట ఉంది. ఏజెన్సీ ప్రాంతపు కాలేజీ కొమ్ముకోయ నృత్యంలోని కొమ్ముల తలపాగాను గుర్తుగా పెట్టుకోవాలనుకుంటే అంతకంటే అందమైనది దొరకదు. కానీ ముందు కోయ పెద్దల దగ్గరికి వెళ్ళి అడగాలి. వారు వద్దంటే మానాలి. సరేనంటే ఆ మాట కాగితం మీద ఉండాలి.

పరీక్షలు నాలుగే. పుల్లతో మట్టిలో గీయగలగాలి. యాభై అడుగుల దూరం నుంచి తెలియాలి. ఒక్క రంగులో నిలబడాలి. అచ్చు వేసేవారు రంగుకొక స్క్రీన్ కట్టాలి గనుక ఒక్క రంగయితే ఖర్చూ తగ్గుతుంది. నాలుగోది, ఆ బొమ్మ మీద హక్కున్నవారి సమ్మతి ఉండాలి. మొదటి మూడింటినీ డ్రాయింగు మాస్టారు సరిచూడగలరు. నాలుగోదానికి మాత్రం ప్రిన్సిపాలు, విద్యార్థులు కలిసి ఊళ్ళోకి నడిచి వెళ్ళాలి.

వచ్చే పోటీలకు చొక్కాలు కుట్టించే ముందు కాలేజీల యాజమాన్యాలు విద్యార్థుల మధ్య ఒక చిత్రలేఖన పోటీ పెడితే బాగుంటుంది. ఖర్చు కొన్ని తెల్ల కాగితాలు. ఆ గుర్తు వేసుకుని మన పిల్లలు మైదానంలోకి దిగినప్పుడు, పేరు చదవడం రాని అవ్వ కూడా వీళ్ళు మా ఊరి వాళ్ళని వేలు పెట్టి చూపగలగాలి.